జారుడుబల్ల కాళ్లు

"నాలుగు కాళ్లూ మూడడుగుల లోతు పాతు నజీరూ. కదలొద్దు," అన్నాను.

వేలంలో కొన్న పాత జారుడుబల్లకు చిత్రిక పడుతున్న నజీరు మిస్త్రీ, దాని కాళ్ల చివర్లు చూపించాడు. నాలుగింటికీ రంపపు కోతలున్నాయి.

"పత్తి జిన్నింగు మిల్లు సేటు గూడ గిట్లనే అన్నడు అవ్వా. ఇగ ఆదిలాబాద్‌లనే ఉంటమన్నడు. నేనే పాతిన. ఊరిడిచి పోయేనాడు పిల్లలు దీన్ని పట్టుకొని ఒకటే ఏడుసుడు. పీకితే రాలే. కోసి అమ్మిండ్రు."

"కొత్త కట్టె అతికి పాతు. ఆదివారం అల్లుడొచ్చి పిల్లను మంచిర్యాలకు తోల్కపోతడట. గిది చూస్తే పోనని ఏడుస్తది. ఏడిస్తే ఇడిచిపోతడు."

నా బిడ్డ చనిపోయినప్పటి నుంచి నాలుగేళ్ల మనవరాలు నర్మద నా దగ్గరే ఉంటోంది. నున్నబడిన బల్ల చెక్కను అరచేత్తో నిమురుతూ అడిగింది.

"అమ్మమ్మా, బాపు ఇంటికాడ గిది ఉంటదా?"

నేను వంగి ఆ రంపపు కోతలను వేలితో తడిమాను.

"పాతకు నజీరూ," అన్నాను. "బోల్టులు పెట్టు. విప్పి బండిల ఎక్కించేటట్టు ఉండాలె."

"మరి ఆడ బిగించుడు?"

"ఆదివారం వచ్చి అల్లునికి నువ్వే చూపియ్యి. నాతోని కాదు."