మూసిన గుప్పిట

"ఏవండీ, ఆ మనిషి మన వెనకాలే వస్తున్నాడు."

ఆమె ఆ మాట అనడం అది మూడోసారి.

"రానీవే. అతనూ చేపల్ని చూడ్డానికే వచ్చాడు," అన్నాడు భర్త, గాజుతొట్టిలో తాబేలును ఫొటో తీస్తూ.

"చేపల్ని కాదు. మన పాపను చూస్తున్నాడు."

అత్తగారు నవ్వింది. "చూస్తే చూశాడులే. నీ పిల్లేమన్నా చక్కెర బొమ్మా, కరిగిపోవడానికి?"

ఆమెకు నవ్వు రాలేదు.

పొద్దున సముద్రం ఒడ్డున, ఐదేళ్ల పాప రాళ్ల మధ్య వంగి ఏదో ఏరుకుంటున్నప్పుడే అతను కంటబడ్డాడు. మాసిన చొక్కా. ఎండకు కమిలిన మొహం. ఏదో అనబోతూ దగ్గరికొస్తే ఆమె పాపను లాక్కుని వచ్చేసింది. అయినా అక్కడినుంచి ఈ అక్వేరియం దాకా వచ్చాడు. పైగా గేటు దగ్గర టిక్కెట్లిచ్చే ముసలాయన అతన్ని టిక్కెట్టు లేకుండానే లోపలికి వదిలేశాడు.

అందరూ ఒకే ముఠా ఏమో! ఆమె పాప చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అబ్బా! నొప్పమ్మా!" అంది పాప. రెండో చెయ్యి మాత్రం గౌను జేబులోంచి తియ్యలేదు.

అద్దాల సొరంగంలోకి వెళ్లారు. నెత్తిమీద నీళ్లు, చుట్టూ నీలం వెలుతురు. మనిషంత చేపలు చప్పుడు లేకుండా తిరుగుతున్నాయి.

"అమ్మా."

ఉలిక్కిపడి తిరిగింది. అతనే. మూరెడు దూరంలో.

"పాపను... ఆ జేబులోంచి చెయ్యి తియ్యమనమ్మా."

"నా పిల్ల జేబుతో నీకేం పని?"

"అది... అది..." అతని మాట తడబడింది. తాగి ఉన్నాడనుకుంది ఆమె.

"ఏవండీ!" అని కేకేస్తూ భర్త వైపు తిరిగింది. ఆ తిరగడంలో పాప చెయ్యి జారిపోయింది.

మళ్లీ చూసేసరికి అతను మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు. పాప మణికట్టు అతని చేతిలో ఉంది. అతని రెండో చెయ్యి పాప జేబులో ఉంది.

ఆమె కేక సొరంగమంతా మోగింది.

భర్త ఒక్క అంగలో వచ్చి అతని చెంప ఛెళ్లుమనిపించాడు. సెక్యూరిటీవాళ్లిద్దరు పరుగెత్తుకొచ్చి రెక్కలు విరిచి పట్టుకున్నారు.

"ఏం కాజేశావురా? చెయ్యి తెరువు!"

అతను గుప్పిట ఇంకా బిగించాడు. "ఇక్కడ తెరవను. పిల్లలున్నారు."

ఇంకో రెండు పడ్డాయి. గుప్పిట తెరవలేదు.

"నా గవ్వ! నా గవ్వ ఇచ్చెయ్!" పాప ఏడుపందుకుంది.

"ఓరి నీ దుంపతెగ! గవ్వకోసమా ఇంత యాగీ!" అంది అత్తగారు.

అతన్ని ఈడ్చుకుపోయారు. పోతూ పోతూ మెడ తిప్పి ఒక్కమాట అన్నాడు.

"పాప వేళ్లు చూడమ్మా. ఎక్కడన్నా సూది గుచ్చినట్టుందేమో."

పిచ్చివాడనుకుంది. పాప చెయ్యి పట్టుకుని ముందుకు నడిచింది.

చివరి గదిలో పాప ఒక గాజుపెట్టె ముందు నిలబడిపోయింది.

"అమ్మా! నా గవ్వ ఇట్లాంటిదే!"

లోపల చిన్న గవ్వ. గోధుమరంగు మీద వల అల్లినట్టు గీతలు. ముద్దొచ్చేలా ఉంది. కింద అట్టమీద రాసింది ఆమె చదివింది.

'బతికున్నదాన్ని తాకరాదు. కుడుతుంది. విషానికి విరుగుడు లేదు.'

ఆమె పాప చేతులు రెండూ లాక్కుంది. వేళ్లు ఒక్కొక్కటే తిప్పి చూసింది. పదీ చూసింది. ఏమీ లేదు. మళ్లీ మొదటినుంచి చూసింది.

తర్వాత గేటు దాకా పరుగెత్తింది.

అతను లేడు. ఒక బకెట్టు ఉంది. నీళ్ల అడుగున గవ్వ. ఎవరూ చెయ్యి పెట్టకుండా టిక్కెట్ల ముసలాయన దానికి కాపలా కూర్చున్నాడు.

"ఆయనేడీ?"

"ఆస్పత్రికి తీసుకుపోయారు. ఈ బకెట్టు తెచ్చేదాకా గుప్పిట విప్పలేదమ్మా. విప్పేసరికి చెయ్యి భుజందాకా మొద్దుబారిపోయింది. మాట కూడా పడిపోయింది."

"మాకు తెలీదండీ... ఎవరాయన?"

ముసలాయన బకెట్టును ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు.

"లోపల గాజుపెట్టెలో గవ్వ చూశారుగా... పదిహేనేళ్ల కిందట దాన్ని తెచ్చిచ్చింది ఆయనేనమ్మా, చచ్చిపోయిన తన కూతురి గుప్పిట్లోంచి తీసి."