కొండ ఎక్కని జీపు

సోడాబుడ్డి తనని నిలువునా ముంచేశాడని చిన్నోడి ఏడుపు. అన్న పోయాక మూలపడ్డ ఫోర్ వీల్ జీపుని బాగుచేయించి, కొండమీదికి టవరు పనివాళ్లని చేరవేసే బేరం కుదుర్చుకున్నాడు. సోడాబుడ్డి కొట్లో ఒకదాని తర్వాత ఒకటి కొన్న బ్యాటరీలు రెండూ చచ్చాయి. రేపు కూడా బండి కదలకపోతే బేరం ఇంకొకడికి ఇచ్చేస్తానని మేస్త్రీ తేల్చేశాడు. అందుకే చిన్నోడు కొట్టుమీదికి వెళ్లి గొడవపడి, అతన్ని ఇంటికే లాక్కొచ్చాడు.

సోడాబుడ్డి లావు కళ్లద్దాలు తుడుచుకుని బానెట్టు ఎత్తాడు. బ్యాటరీ టెర్మినళ్లకి తుప్పు పట్టకుండా పూసిన వాజిలిన్ అలాగే ఉంది. బిగింపు సడల్లేదు. గుంతల్లో తిరిగే బండిని ఇంత పద్ధతిగా ఎవరూ చూసుకోరని ఒప్పుకున్నాడు.

"అయితే నీ సరుకే దొంగసరుకు," అన్నాడు చిన్నోడు. "నీ చొక్కా చూస్తేనే తెలుస్తోంది, జల్లెడలా ఉంది."

"యాసిడ్ చుక్కలు బాబూ. పడ్డప్పుడు తెలీదు. ఉతికాక చిల్లులు బయటపడతాయి."

బ్యాటరీ మూతలు తిప్పి, యాసిడ్ చిక్కదనం చూసే గాజుగొట్టంతో కాస్త పీల్చి చూశాడు. యాసిడ్ ఉంటే గొట్టంలో పైకి తేలాల్సిన బుడ్డి అడుగుకి దిగిపోయింది.

"ఇందులో యాసిడ్ ఏదీ? ఉత్త నీళ్లు."

"అమ్మింది నువ్వేగా?"

"నా చేత్తో పోసి ఇచ్చాను. నీళ్లతోనే ఇన్నాళ్లూ ఊళ్లో తిరిగావా?"

ఊళ్లో తిరిగినన్నాళ్లు బండి ఒక్క తిప్పుకే లేచేది. కొండకి బయల్దేరాల్సిన రోజునే, రెండుసార్లూ, గుర్రుమని ఆగిపోయింది. అన్న ఇదే జీపుతో లోయలో పడింది ఆ దారిలోనే. పెద్దోడే బండిని పైకి పోనివ్వడం లేదని వీధిలో గుసగుసలు. చిన్నోడి భార్య పొద్దుగూకితే షెడ్డు వైపు తొంగిచూడదు. తల్లి ఒక్కతే భయపడలేదు. పెద్దోడి బండి అంటూ రోజూ దాన్ని తుడుస్తుంది. సాయంత్రమైతే "రేపు ఎటు నాయనా?" అని అడుగుతుంది. కొండకని చెప్తే, "మీ అన్న ఏమంటాడో," అని ఊరుకుంటుంది.

సోడాబుడ్డి వెంట తెచ్చిన కొత్త బ్యాటరీ ఎక్కించాడు. "జీపుకి సరిపడ్డ పెద్దదే. సీలు చేసి వస్తుంది. నీళ్లు పొయ్యక్కర్లేదు, తెరిచే పనే లేదు. దయ్యమైనా దీన్నేం చెయ్యలేదు."

చిన్నోడు తాళం తిప్పాడు. జీపు ఒక్క ఉదుటున లేచింది. నెల తర్వాత అతని మొహంలో నవ్వు కనబడింది.

టీ తెచ్చిన తల్లి గ్లాసులు పక్కన పెట్టి, కొత్త బ్యాటరీని చేత్తో తడిమింది.

"దీనికి మూతలెక్కడున్నాయి బాబూ?"

సోడాబుడ్డి కళ్లద్దాలు సవరించుకుని ఆమె వైపు చూశాడు.

ఆమె కొంగు నిండా సన్నటి చిల్లులు.