నలభై ఆరు గంటల చెక్కుడు

జుమా నమాజుకు మగవాళ్ళంతా వెళ్ళిపోయాక, పక్కింటి ముందు గోడకున్న మీటరు స్విచ్‌ని ఒక్కసారి దించి ఎత్తాలి. అంతే. ముర్ని రెండు రోజులుగా వేసిన పథకంలో ఇంతకు మించి ఏమీ లేదు. చేతిలో చీపురుంటే ఎవరికీ అనుమానం కూడా రాదు.

పక్కింటి జత్మికో దగ్గర చెక్కుడు మిషను ఉంది. పసిపిల్ల ఉయ్యాలంత కూడా ఉండదు. కింద టేకు పలక బిగించి, కంప్యూటర్లో బొమ్మ పెట్టి వదిలేస్తే, సూదిలాంటి ములికి ఈ చివర నుంచి ఆ చివరకూ, ఆ చివర నుంచి ఈ చివరకూ వెంట్రుకంత చొప్పున జరుగుతూ గీకుతుంది. ఒక్క పలకకు నలభై ఆరు గంటలు. అన్ని గంటలూ చెవిలో దోమ దూరినట్టే. ముర్ని రెండేళ్ళ కూతురు సెకర్‌కి అసలే దగ్గు, పడుకోబెట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేస్తుంది. మిషను యజమాని మాత్రం మంచం మీద వెల్లకిలా పడుకుని ఫోను చూసుకుంటాడు. చెక్క నగిషీకి పేరుపడ్డ జెపారా ఊళ్ళో అదీ ఒక నగిషీ పని, వాడూ ఒక పనివాడు.

ముర్ని భర్త కర్సోనో అలా కాదు. పదకొండో ఏట ఉలి పట్టాడు. పెద్ద మసీదులో ఇమాం ఎక్కి ప్రసంగించే మింబర్ కొత్తది చేయిస్తున్నారని, నమూనా పలక నచ్చినవాడికే పనంతా ఇస్తారని తెలిసిన దగ్గర్నుంచి నది అవతల అన్నగారి షెడ్డులో కూర్చుని చెక్కుతున్నాడు. ఇంట్లో చెక్కితే పొట్టు పిల్ల గొంతులోకి పోతుందని ఆయన భయం. కమిటీ పెట్టిన షరతు ఒక్కటే, పలక చేత్తో చెక్కినదై ఉండాలి. శుక్రవారం సాయంత్రానికి గడువు. ఈ పని దొరికితే రెండేళ్ళు దిగులు లేదు. దొరక్కపోతే కర్సోనో అంతటివాడు కుర్చీల ఫ్యాక్టరీలో ఉప్పు కాగితం రుద్దే కూలికి పోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ముర్నికి ముద్ద దిగడం లేదు.

బుధవారం మధ్యాహ్నం దడి మీద బట్టలు ఆరేస్తుంటే దోమ మళ్ళీ మొదలైంది.

"ఏం జత్మికో, ఈసారి ఎవరి మంచం కోడు గీకుతోంది నీ మిషను?"

"కోళ్ళు కాదు వదినా, మల్లెతీగ పలక. మసీదు కమిటీకి వెళ్ళేది."

ఆమె చేతిలోని బట్ట చేతిలోనే ఉండిపోయింది. "చేత్తో చెక్కాలన్నారుగా వాళ్ళు."

"పైపైన ఉలితో నాలుగు గాట్లు పెడితే సరి. ఆ తాతలకి ఏం తెలుస్తుంది?"

"సిగ్గు లేదూ?"

"మిషనుకా? దానికి కరెంటుంటే చాలు" అని నవ్వాడు జత్మికో. "నా భయమూ అదొక్కటే. కరెంటు రెప్పపాటు పోయినా, ఎక్కడిదాకా వచ్చిందో మర్చిపోతుంది. మళ్ళీ మొదలుపెడితే గీత మీద గీత పడదు. ఇక ఆ పలక పొయ్యిలోకే."

పథకం అప్పుడే పుట్టింది.

అన్నం దగ్గర భర్తకు సంగతి చెప్పింది. కర్సోనో తల కూడా ఎత్తలేదు.

"అది చెక్కడమా? ఎలక కొరకడం. నువ్వు వాడి జోలికి పోకు. కమిటీవాళ్ళతోనూ అనకు. పలకలు ముందు పెడితే వాళ్ళే తేల్చుకుంటారు."

"మీ మంచితనమే మనల్ని ముంచేది" అంది ముర్ని. పథకం మాట మాత్రం ఎత్తలేదు.

శుక్రవారం మసీదు నుంచి బాంగు వినబడగానే లుంగీలు, టోపీలు వీధంతా కదిలాయి. జత్మికో కూడా అత్తరు పూసుకుని బయల్దేరాడు, మిషనుని దాని మానాన వదిలేసి. దానికి నమాజు లేదుగా.

ముర్ని సెకర్‌ని చంకనేసుకుని, తన వాకిలి నుంచి ఊడ్చుకుంటూ ఊడ్చుకుంటూ పక్కింటి మీటరు దాకా వచ్చింది. ఎవరైనా చూస్తే ఏం చెప్పాలో కూడా అనుకుని రాలేదు. స్విచ్ దించింది. దోమ చచ్చింది. పది లెక్కపెట్టి మళ్ళీ ఎత్తింది. దోమ లేవలేదు.

కిటికీలోంచి తొంగి చూసింది. ములికి ఆఖరి పువ్వు మీద నిలబడిపోయి ఉంది. రెండు వేళ్ళ వెడల్పు చెక్క మిగిలింది, అంతే. నలభై అయిదు గంటలు పొయ్యిలోకి. గీకరా ఇంకా గీకు అనుకుంది.

ఇంటికొచ్చి పిల్లని పడుకోబెడితే, ఆ వారంలో మొదటిసారి ఉలిక్కిపడకుండా నిద్రపోయింది. ముర్ని భర్త కోసం తెంపే, ఆ సోయా ముక్కలు, వేయించింది.

నమాజు నుంచి ముందు జత్మికో వచ్చాడు. లోపలికెళ్ళి, వెళ్ళినంత వేగంగా దడి దగ్గరికి వచ్చాడు. మొహంలో నెత్తురు లేదు.

"వదినా, కరెంటు పోయిందా?"

"నాకేం తెలుసు, నా పొయ్యి గ్యాసుది. పోతే ఏమైంది? సాయంత్రం దాకా టైముంది, చేత్తో చెక్కుకో. అల్లా రెండు చేతులిచ్చాడుగా, ఫోనుకొక్కదానికేనా?"

అతను దడి పట్టుకుని అలాగే కింద కూలబడ్డాడు. ముర్నికి ఒక్క క్షణం జాలేసింది, ఒక్క క్షణమే.

వెనకే కర్సోనో వచ్చాడు. గుమ్మంలో ఒక చెప్పు విప్పి, రెండోది విప్పబోతూ ఆగిపోయాడు. తల పక్కింటివైపు తిప్పి చెవి రిక్కించాడు.

"వినండి, ఎంత హాయిగా ఉందో" అంది ముర్ని నవ్వు ఆపుకోలేక.

కర్సోనో గుమ్మం పట్టుకున్నాడు.

"మిషను ఎందుకాగింది ముర్నీ? సాయంత్రం నేను కమిటీకి ఇవ్వాల్సిన పలక దాని మీదే ఉంది."