నాలుగో రంగు

"ఇది చెయ్యా, పాలిష్ కొట్టిన బూటా?" అని ఎడిన్సన్ పగలబడి నవ్వాడు.

ఆర్బెయ్‌కి ఒళ్ళు మండింది. కానీ కంప్యూటర్ తెర మీద ఆ చెయ్యి నిజంగానే బూటులా మెరుస్తోంది.

కాలీ నగరంలో వాళ్ళ వర్క్‌షాపు చిన్నది. చెయ్యి లేని పిల్లలకు ఉచితంగా కృత్రిమ చేతులు చేసి ఇస్తారు. కంప్యూటర్‌లో గీసేది ఆర్బెయ్. రంగుల ఫైల్లో అతను ఏ అంకెలు పెడితే, చేతి పైతొడుగుకు ఎడిన్సన్ ఆ రంగే కలుపుతాడు.

ఆ ఫైల్లో ఉన్న ఒంటి రంగులు మూడు. మూడూ తెల్లవాళ్ళవే.

"సగం దరఖాస్తులు సముద్రం వైపు నల్లవాళ్ళ ఊళ్ళ నుంచే వస్తున్నాయి. శుక్రవారానికల్లా వాళ్ళ రంగు కూడా ఫైల్లోకి ఎక్కాలి," అని మేనేజరు ఫానెరి మేడమ్ గట్టిగా చెప్పింది.

మూడు రోజుల నుంచి అదే పని. ఒకటి చాక్లెట్‌లా వచ్చింది. ఇంకోటి కుర్చీ చెక్కలా వచ్చింది. ఇప్పుడిది.

"చచ్చినోడి చెయ్యి కూడా ఇంతకంటే బాగుంటుంది నాయనా!"

గుమ్మంలో ఒక నల్లటి ఆవిడ నిలబడి ఉంది. తల మీద కొకాదాలనే కొబ్బరి మిఠాయిల పళ్ళెం. రోజూ ఆ వీధిలో అమ్ముతుంది.

"నవ్వింది చాల్లే గానీ, నీ చెయ్యి కాసేపు ఇలా పెట్టమ్మా. చూసి రంగు కలుపుతా," అన్నాడు ఆర్బెయ్.

"రంగులు వేసేది నువ్వేనా?"

"నేనే. ఆర్బెయ్ అంటే ఇక్కడ అందరికీ తెలుసు."

ఆవిడ అతని వంక కాసేపు చూసింది. తర్వాత పళ్ళెం దించి, చెయ్యి కడుక్కొచ్చి దీపం కింద పెట్టింది.

"ఆ మెరుపు తగ్గించు. వార్నిష్ కొట్టడానికి మేమేం బల్లలమా?"

తగ్గించాడు.

"కణుపులు చూడు. అక్కడ ఇంకా నలుపు. అరచెయ్యి చూడు. గులాబీ లేదూ? చేతికంతా ఒకటే రంగని ఎవరు చెప్పారు నీకు?"

"ఒక్క చేతికి అయిదు రంగులా! ఊరికే ఇచ్చేదానికి ఇంత ముస్తాబు దేనికమ్మా?"

ఆవిడ గుమ్మం వంక చూసింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

మూడు గంటలు పట్టింది. పళ్ళెంలో బెల్లం కరిగి కొకాదాలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. చివరికి తెర మీది చేతినీ దీపం కింది చేతినీ మార్చి మార్చి చూసి ఎడిన్సన్ నవ్వడం మానేశాడు.

ఆర్బెయ్ ఆ ఫైలుకు 'నాలుగు' అని పేరు పెట్టాడు.

"ఇది మళ్ళీ చెరిగిపోదుగా నాయనా?"

"పోదు. అందరి కంప్యూటర్లలోకీ ఎక్కించేశా. ఇక వెళ్ళొచ్చు," అన్నాడు తెర మీంచి కళ్ళు తిప్పకుండానే.

ఆవిడ పేరేమిటో అతను అడగలేదు.

నాలుగో రంగు చేతులు సముద్రం వైపున్న గువాపికి వెళ్ళాయి. తుమాకోకి వెళ్ళాయి. వాటిని తొడుక్కుని నవ్వుతున్న పిల్లల ఫోటోలొచ్చాయి. మెచ్చుకోళ్ళన్నీ ఆర్బెయ్‌కే. కొకాదాలావిడ ఆ వీధికి రావడం మానేసిన సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

ఒకరోజు ఫానెరి మేడమ్ పిలిచింది.

"నిరుడెవరో చెయ్యి తిప్పి పంపేశారు కదా ఆర్బెయ్? ముందు వాళ్ళకి కొత్తది చేసి పంపించు."

బీరువా అడుగున పెట్టె దొరికింది. అందులో తెల్లపిల్ల చెయ్యి లాంటి చెయ్యి, దానితో రెండు కాగితాలు.

ఒకటి తల్లి ఉత్తరం. 'బళ్ళో అందరూ దొంగిలించిన చెయ్యి అని ఏడిపిస్తున్నారు. మా అమ్మాయి బడికి వెళ్ళనంటోంది. మా రంగులో చేసి ఇవ్వగలరా? ఇట్లు, ఎనెయిదా.'

రెండోది జవాబు. 'ఉచితంగా ఇచ్చిన చేతికి వంకలు పెట్టకూడదు. అక్కర్లేకపోతే తిప్పి పంపండి. అవసరమున్నవాళ్ళు చాలామంది ఉన్నారు.'

కింద సంతకం తనదే.

రాసిననాడు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇప్పుడు రెండోసారి చదవలేకపోయాడు.

కొత్త చెయ్యి తయారయ్యింది. పోస్టులో పంపడానికి మనసొప్పక తనే పట్టుకెళ్ళాడు. కాలీలోనే అగువాబ్లాంకా పేటలో ఇరుకు సందు. ఇంటి యజమానురాలైన ముసలావిడ గుమ్మంలోనే అరటికాయలు చెక్కు తీస్తోంది.

"ఎనెయిదానా? కూతుర్ని తీసుకుని గువాపి వెళ్ళిపోయింది. పిల్ల బడి మానేసిందిగా, ఇక ఇక్కడేం పని?"

"ఈ చెయ్యి ఆ అమ్మాయికే తెచ్చానమ్మా."

"వద్దులే నాయనా. ఇంక ఏ చెయ్యీ పెట్టుకోనని ఒట్టు పెట్టుకుంది ఆ పిల్ల."

అయినా ముసలావిడ చేతులు తుడుచుకుని పెట్టె తీసుకుంది. చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అచ్చం ఎనెయిదా చెయ్యే! ఆ కణుపులు కూడానూ! అయితే నీ ముందేనా అది కొకాదాలన్నీ పాడుచేసుకుని కూర్చుంది?"

ఆర్బెయ్ అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ ఉత్తరం రాసింది నేనేనమ్మా," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"తెలుసు. నువ్వు పేరు చెప్పగానే దానికీ తెలిసిందట."

"మరి ఒక్క మాట అనలేదే! మొహం మీదే అడిగెయ్యొచ్చుగా?"

"నేనూ అదే అని తిట్టా," అంటూ ఆవిడ చేతిని మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టింది. "అడిగితే నీకు కోపమొచ్చి రంగు కలపడం ఆపేస్తావేమోనని, మిగతా పిల్లలకైనా అందాలని నోరు మూసుకుందట."