మొగ్గల జోలికి పోని దొంగ

“కుందేళ్ళ పనై ఉంటుంది,” అంది సూపర్‌వైజర్ జోన్, పువ్వు లేని కాడను వేలితో తడిమి చూస్తూ.

అచ్యుత్ తల ఊపాడు కానీ మనసులో ఒప్పుకోలేదు. కుందేలైతే విచ్చిన పువ్వులు మాత్రమే ఏరుకుని మొగ్గల్ని వదిలేస్తుందా? పైగా ప్రతి మొక్కకీ ఒక పువ్వు మిగిల్చి మరీ వెళ్ళింది. ఇంత మర్యాద తెలిసిన కుందేలు ఈ బర్నబీలోనే కాదు, కెనడా మొత్తంలో ఎక్కడా ఉండదు. ఇది కచ్చితంగా మనవాళ్ళ పనే.

“ఇవి తేనెటీగల కోసం వేసిన పూలు,” అంది జోన్. “శుక్రవారం నేను ఆఫీసులో రిపోర్టు ఇవ్వాలి. ఈలోగా సంగతేంటో కనిపెట్టు. రోజూ ఫోటోలు తియ్యి. బయట మాత్రం ఎవరికీ చెప్పకు.”

చుట్టూ ఆకాశం కనపడనీయని టవర్లు, మధ్యలో అరెకరం పార్కు. ఇక్కడ గడ్డి కోయరు, మందులు కొట్టరు. వాన నీళ్ళు పీపాల్లో పట్టి మొక్కలకు పోస్తారు. రాలిన ఆకుల్ని కూడా ఊడ్చి పారేయరు. ఈ పార్కును చూసుకునే అచ్యుత్ పార్ట్‌టైమ్ ఉద్యోగం వేసవి వరకే. శుక్రవారంతో సరి. పొడిగిస్తారా లేదా అన్నది జోన్ రిపోర్టు మీద ఉంది.

పొడిగించకపోతే మళ్ళీ రెజ్యూమేలు పట్టుకుని తిరగాలి. పోయిన చలికాలం ఒక కాఫీ షాపులో రెండు ఉద్యోగాలున్నాయంటే, వచ్చిన స్టూడెంట్ల లైను వీధి మలుపు తిరిగింది. అందులో సగంమంది తెలుగులోనే మాట్లాడుకుంటున్నారు. వరంగల్‌లో అగ్రికల్చర్ చదివొచ్చిన అచ్యుత్‌కి ఈ దేశంలో మట్టి ముట్టుకునే పని దొరకడం ఇదే మొదలు. దాన్ని వదులుకోవాలంటే అతనికి ఏడుపొచ్చేలా ఉంది.

అతను అద్దెకుంటున్న బేస్‌మెంట్ శ్యామలది. కాకినాడ మనిషి, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. తెల్లవారకముందే జాగింగ్‌కి పోతుంది, వచ్చాక లాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. ఆరోగ్యం మీద ఈవిడకింత శ్రద్ధేమిటా అని అచ్యుత్ తెగ ఆశ్చర్యపోయేవాడు. అతను పనికి బయల్దేరేటప్పుడు రోజూ అరటిపండూ కొబ్బరిముక్కా చేతిలో పెట్టేది.

“మొహం అలా వేలాడేశావేంటి?” అంది ఆ సాయంత్రం.

“శుక్రవారంతోని కాంట్రాక్ట్ అయిపోతదక్కా. ఎక్స్‌టెండ్ చేస్తరో లేదో తెల్వదు.”

“నా ప్రయత్నం నేనూ చేస్తున్నాగా. నువ్వు టెన్షన్ పడకు.”

ఎవరికో తన రెజ్యూమే పంపినట్టుంది అనుకున్నాడు అచ్యుత్. ఆవిడ మంచితనానికి కొంచెం ధైర్యం వచ్చింది. పూల సంగతి మాత్రం జోన్ చెప్పినట్టే కడుపులో దాచుకున్నాడు.

మర్నాడు చీకటి విడుతుండగానే పార్కుకు బయల్దేరాడు. దారిలో శ్యామల జాగింగ్ ముగించుకుని వస్తూ ఎదురైంది. ఆగస్టు నెలలో కూడా జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని ఉంది.

“ఇంత పొద్దున్నేంటి?”

“చిన్న పనున్నదక్కా.”

ఆవిడ చెయ్యూపి వెళ్ళిపోయింది. అచ్యుత్ పార్కులోకి అడుగుపెట్టేసరికి పూలు అప్పటికే మాయం. బెంచీ దగ్గర శ్రీరాములు గారు నిలబడి ఉన్నారు. ఆయన ఎదుటి టవర్‌లో కొడుకింట్లో ఉంటారు. పార్కన్నాక గడ్డి పీకరేంటని రోజూ సణుగుతారు. ఇవాళ సణగలేదు. చేతిలో ఉబ్బిన గుడ్డసంచీని గబుక్కున వెనక్కి దాచుకున్నారు.

దొరికాడు దొంగ, అనుకున్నాడు అచ్యుత్.

“అంకుల్, ఆ సంచిల ఏమున్నయి?”

“నీకెందుకోయ్?”

“ఒక్కసారి చూపించండి అంకుల్. నా జాబ్ పోయేటట్టున్నది.”

ఆయన అటూ ఇటూ చూసి, అయిష్టంగా సంచీ మూతి తెరిచారు. లోపల బీరకాయ తొక్కులు, కొత్తిమీర కాడలు, పిండిన టీపొడి.

“మా కోడలు ఇంట్లో వాసనొస్తుందంటుంది. మీ ఎరువు డబ్బాలో వేసిపోతున్నాను. బయటివాళ్ళు వేస్తే ఫైన్ రాస్తారేమోనని భయం.”

అచ్యుత్‌కి తల కొట్టేసినట్టయింది. “అందరూ వేయాలనే పెట్టినమంకుల్,” అని తానే డబ్బా మూత తెరిచి పట్టుకున్నాడు. “ఈ పూలు ఎవరు కోస్తున్నరో చూసిన్రా?”

“నేనొచ్చేసరికే ఉండవు. ఎవరో గాని, నాకంటే ముందు లేచే మనిషి.”

శుక్రవారం వచ్చింది. దొంగ దొరకలేదు. జోన్ పార్కులోకి వస్తుంటే అచ్యుత్ ఎదురెళ్ళాడు.

“సారీ, కనిపెట్టలేకపోయాను,” అన్నాడు తలొంచుకుని.

“కనిపెట్టకపోవడమే మంచిదైంది,” అంది జోన్ నవ్వుతూ. “నువ్వు తీసిన ఫోటోలన్నీ ఆఫీసులో చూపించాను. ఒక మనిషి ఏడాది పొడుగునా కాపలా లేకపోతే ఈ పార్కు నిలవదన్నాను. ఒప్పుకున్నారు. నీ పార్ట్‌టైమ్ పర్మనెంట్ అయింది.”

“నిజంగానా?”

“పూలు పోకుండా ఉంటే నిన్నుంచమని అడగడానికి నా దగ్గర కారణమే లేదు. ఆ దొంగెవరోగాని, నువ్వు థాంక్స్ చెప్పుకోవాలి.”

అచ్యుత్ బస్సు కోసం కూడా ఆగకుండా ఇంటికి పరిగెత్తాడు. వంటింట్లోంచి నెయ్యి వాసన వస్తోంది.

“అక్కా, జాబ్ పర్మనెంట్ చేసిన్రు.”

శ్యామల చేతిలో గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ జోడించింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“అవుతుందని నాకు తెలుసు. ముందే చెప్తే ఫలించదని నీతో అనలేదంతే.”

“నా రెజ్యూమే ఎవరికి పంపిన్రక్కా?”

“రెజ్యూమే ఏంటి, రోజూ మీ పార్కు పూలతోనే నీ పేరున పూజ చేశాను.”