బాడుగ తాత

“మీ పేరు హనుమంతప్ప. మరిచిపోవద్దు తాతా,” అంది నేత్రావతి.

“హనుమంతప్ప,” అన్నాడు ముసలాయన బుద్ధిగా. “గుర్తుపెట్టుకుంటానమ్మా.”

“ఫారంలో మా మామగారి పేరు అదే రాసినాము. అడిగితే తడుముకోకూడదు. ఇదిగో, ఈయన మీ కొడుకు సోమశేఖర్.”

ముసలాయన సోఫా అంచున ఒదిగి కూర్చుని సోమశేఖర్ వైపు చూశాడు. “నమస్తే సార్,” అన్నాడు.

నేత్రావతి తల పట్టుకుంది. కొడుకును సార్ అని పిలిచే తండ్రి కోలారు జిల్లా మొత్తం గాలించినా దొరుకుతాడా?

ఇంత అవస్థా ఒక్క సీటు కోసం. డబ్బు విసిరితే కొండ మీది కోతి కూడా దిగివస్తుందంటారు గానీ, గుట్ట కింద కొత్తగా వెలిసిన ఆ బోర్డింగ్ స్కూలు దగ్గర ఆ సామెత పనిచేయలేదు. బిడ్డ కడుపులో ఉండగానే పేరు రాయించి పెట్టినవాళ్లున్నారు. పెద్దవాళ్ల సిఫారసులు పట్టుకొచ్చి గేటు దగ్గరే వెనక్కి తిరిగినవాళ్లున్నారు. వీళ్ల కొడుకు భరత్ రాతపరీక్ష గట్టెక్కాడు. వాడితో పాటు గట్టెక్కినవాళ్లు ఊరంత మంది ఉన్నారు.

ఇక మిగిలింది ఒకటే దారి. బంగారు గనిలో కూలి చేసినవాళ్ల మనవళ్లకని స్కూలువాళ్లు ఒక్క సీటు విడిగా ఉంచారు. కాగితాలైతే ఎవరైనా పుట్టిస్తారు, తాతనే తీసుకురండి, మేం మాట్లాడి తేల్చుకుంటాం అన్నారు.

సోమశేఖర్‌ది గనుల పక్కనున్న ఊరిగామే, కానీ ఏం లాభం? అతని తండ్రి గని ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి, వీళ్ల పెళ్లికి ముందే పోయాడట.

“ఆయన ఆ కుర్చీలో కూర్చునే బదులు గునపం పట్టుకోనుంటే మన బిడ్డ గతి ఇట్లుండేదా?” అని నేత్రావతి నిట్టూర్చింది. తర్వాత కళ్లు మెరిశాయి. “బాడుగకు బస్సే దొరుకుతుండాది. తాత దొరకడా?”

సోమశేఖర్ మొదట ససేమిరా అన్నాడు. భార్య అన్నం మానేసేసరికి మెత్తబడ్డాడు. “కోరమండల్‌లో గని కూలోళ్ల లైన్ ఇళ్లలో ఒకాయన ఉండాడు. అడిగి చూస్తాను,” అని నసుగుతూ వెళ్లి, ముసలాయనను వెంటబెట్టుకుని వచ్చాడు.

ఆయన ఊపిరి తీస్తుంటే పక్క గదిలోకి వినిపించేది. ఒక చేతికి రెండు వేళ్లు సగమే ఉన్నాయి. అసలు సిసలు గని మనిషి. గట్టి సరుకే తెచ్చాడని నేత్రావతి మొగుణ్ని మెచ్చుకుంది. కూలి సంగతి అడిగితే, “అది నేనూ సారూ చూసుకుంటాము లేమ్మా,” అన్నాడు ముసలాయన.

ఆ వారమంతా ఇంట్లో నాటకం రిహార్సలే.

“‘ఒరే శేఖరా’ అనాల తాతా.”

“అట్ల పిలిస్తే సారు ఏమన్నా అనుకుంటాడేమోనమ్మా.”

“ఏమీ అనుకోడు. ఏమండీ, మీరు చెప్పండి.”

“పిలువు... పిలవండి,” అన్నాడు సోమశేఖర్ నేల చూస్తూ.

“మీరు ఆయన్ను ‘నాయనా’ అనాల.”

ఆ మాట మాత్రం సోమశేఖర్ నోట పెగల్లేదు. ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేవాడు. ముసలాయన ఫరవాలేదు, మొగుడే కొంప ముంచేటట్టున్నాడని నేత్రావతికి బెంగ పట్టుకుంది. భరత్ తొలిపూటే ‘తాతా’ అంటూ ఒళ్లోకి ఎక్కేశాడు. వాణ్ని చూస్తూ ముసలాయన కంచంలో ముద్ద తినడం మరిచిపోయేవాడు. వయసు మీద పడింది పాపం అనుకుని ఆమె పులుసు మళ్లీ వేడి చేసి పోసేది.

ఇంటర్వ్యూ రోజు ముసలాయన కొత్త పంచె కట్టాడు. పేరు తడుముకోలేదు. ఏ గనిలో చేశాడో, ఎంత లోతుకు దిగేవాడో గడగడా చెప్పాడు. నేత్రావతి ఊపిరి పీల్చుకునేలోపు ప్రిన్సిపాల్ మేడమ్ కళ్లద్దాలు తీసి అడిగింది.

“మీ అబ్బాయి చిన్నప్పుడు ఎట్లుండేవాడు?”

నేత్రావతి కుర్చీ అంచుకు జరిగింది. ఇది ఆమె నేర్పలేదు.

ముసలాయన సోమశేఖర్ వైపు చూశాడు. “ఒకసారి గనిలో బండ పేలినాది మేడమ్. నాతో దిగినోళ్లు కొందరు పైకి రాలేదు. నేను వచ్చేసరికి వీడు గేటు కాడ చలిలో నిలబడుకోనుండాడు. ఇంత పిల్లోడు. అన్నం తినలేదు, ఏడ్వనూ లేదు. నా కాలు పట్టుకున్నాడు, ఇంటిదాకా వదల్లేదు. ఇంగ నా బిడ్డ ఈ గని మొగం చూడకూడదు, యాడికన్నా పోయి బాగుంటే అదే చాలు అనుకున్నాను ఆ పొద్దు.”

“నాయనా,” అన్నాడు సోమశేఖర్. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి.

నేత్రావతి నోరు తెరుచుకుని చూసింది. ఇన్నాళ్లూ పెగలని మాట సరిగ్గా అదనుకు పెగిలింది. ఏడుపైతే ఆమె నేర్పనే లేదు. ఇంత కళ ఉన్న మనిషినా తను ఇన్నేళ్లూ సాధించింది అని జాలిపడింది.

సీటు వచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. కోరమండల్ రాగానే సోమశేఖర్ కారు ఆపాడు. “నువ్వు దిగొద్దు. నేను దింపేసి వస్తాను,” అన్నాడు.

“బాగుండాదే. ఇంత పని చేసిపెట్టిన మనిషికి పండ్లన్నా చేతిలో పెట్టకుండా పోతామా?” అంటూ ఆమె బుట్టతో సహా దిగింది. నిద్రపోతున్న భరత్‌ను భుజాన వేసుకుని సోమశేఖర్ వెనకే నడిచాడు.

ముసలాయన తాళం తీస్తున్నాడు. పక్కింటి గడప మీద రాగులు చెరుగుతున్న ఒక ముసలమ్మ చేట కింద పెట్టి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని, సోమశేఖర్‌ను ఎగాదిగా చూసింది.

“ఏరా శేఖరా, మీయమ్మను మన్నులో పెట్టినప్పుడు కూడా రానోడివి, ఈ పొద్దు మీ నాయన ఇంటికి దారి యాడ దొరికిందిరా నీకు?” అంది.