అబద్ధాలు పట్టే మిషన్

ముసలావిడ గొలుసు కొట్టేసిన రోజున స్కానింగ్ టెక్నీషియన్‌కు తన బుర్ర మీద తనకే గౌరవం పుట్టుకొచ్చింది. తల స్కానింగ్‌కు వచ్చిన ఆవిడ నగలన్నీ తీసి ట్రేలో పెట్టింది. స్కానింగ్ అయ్యాక మగతగా వార్డుకు వెళ్ళిపోయింది. మెడ బోసిగా ఉందని ఆవిడకు తెలిసేసరికి, టీ తాగొస్తానని కిందికి వెళ్ళిన టెక్నీషియన్ గొలుసును తన స్కూటర్ డిక్కీలో పడేసి వచ్చాడు.

లాకర్లు వెతికారు. చెత్తబుట్టలు బోర్లించారు. స్కూటర్ తాళంచెవి మాత్రం అతని జేబు దాటలేదు. బాత్రూముకు వెళ్ళినా వెంటే ఉంది.

అనుమానం ఆయా మీద పడింది. ట్రే కడిగేది ఆమే. "ఈ ఉద్యోగం పోతే పిల్లల్ని ఎట్లా సాకాలమ్మా?" అని సిస్టర్ దగ్గర ఆమె ఏడుస్తుంటే అతనికి నిజంగానే జాలేసింది. గొలుసు తిరిగి ఇచ్చేంత జాలి మాత్రం కాదు.

సాయంత్రం పెద్ద డాక్టరు టెక్నీషియన్‌ను, ఆయాను, సిస్టర్‌ను ముగ్గురినీ పిలిచాడు.

"మన మిషన్‌లో కొత్త ప్రోగ్రాం వేయించాను. లోపల పడుకుని అబద్ధం చెబితే మెదడులో ఎర్రగా వెలుగుతుంది. ముందు ఎవరు?"

ఆయా సిస్టర్ వెనక్కి జరిగింది. టెక్నీషియన్ నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. ఆ మిషన్‌తో ఏళ్ళ తరబడి కాపురం చేస్తున్నవాడు. అది గడ్డలు పడుతుంది గానీ దొంగల్ని పడుతుందా? పాపం, ఈయన చదువంతా ఏ గంగలో కలిసిందో అనుకున్నాడు.

"నేను వెళ్తాను సార్. అయినా నా తలలో చూడ్డానికేముంది? ఖాళీ అని మా ఆవిడ పెళ్ళైన కొత్తలోనే కనిపెట్టేసింది."

"ఎందుకైనా మంచిది, చూద్దాంలే," అన్నాడు డాక్టరు.

ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదని రోజూ రోగులకు చెప్పే పాఠం తనకు తనే చెప్పుకుంటూ వాచీ, బెల్టు, పర్సు, తాళంచెవి ట్రేలో పడేసి దర్జాగా బల్లమీద పడుకున్నాడు. మిషన్ డబడబలాడటం మొదలుపెట్టింది.

"గొలుసు తీశావా?" అంది మైకులో డాక్టరు గొంతు.

"లేదు సార్."

"సరే, తల కదపకు. ఇంకాసేపు అలాగే ఉండు."

బుద్ధిమంతుడిలా ఉన్నాడు. కదిలే రోగుల్ని రోజూ కసురుకునే తనే కదిలితే పరువేం కాను? మధ్యలో చిన్న కునుకు కూడా తీశాడు.

బయటికి రాగానే డాక్టరు కంప్యూటర్ తెర చూపించాడు. "ఎరుపు ఎక్కడా లేదు. మీ ఆవిడే పొరబడింది, తల నిండుగానే ఉంది."

ఈ మాట ఇంటికెళ్ళి ఎంత ఠీవిగా చెప్పాలో ఆలోచిస్తూ బెల్టు పెట్టుకున్నాడు. వాచీ పెట్టుకున్నాడు. పర్సు జేబులో వేసుకున్నాడు. ట్రేలో ఇంకేమీ లేదు. వంగి బల్ల కింద కూడా చూశాడు.

తలుపు తెరుచుకుంది. సిస్టర్ వచ్చి స్కూటర్ తాళంచెవి ట్రేలో పెట్టింది. "డిక్కీలోనే ఉంది సార్. ముసలావిడకు ఇచ్చేసి వచ్చాను."

డాక్టరు తెర కట్టేశాడు. "పొద్దున నువ్వు స్కూటర్ దగ్గరికి వెళ్ళావని వాచ్‌మన్ చెప్పాడయ్యా. బాత్రూముకు కూడా తీసుకెళ్ళే తాళంచెవిని నీ చేతే బయట పెట్టించాలంటే, నాకు ఈ మిషన్ తప్ప ఇంకో దారి కనిపించలేదు."